నిప్పుకు కులం లేదు, ప్లానుకుంది

"నిప్పుకు కులమేంది? ముట్టుకుంటే అందరూ కాలతారు."

2025 జనవరిలో అమెరికాలో లాస్ ఏంజిల్స్ తగలబడుతున్నప్పుడు మా బడిలో సాటి పంతులొకాయన పేపరు మడిచి పక్కనబెట్టి ఈ మాటన్నాడు. పేపర్లో సినిమా తారల బంగళాలు కాలుతున్న బొమ్మ ఉంది. "చూశారా మాస్టారూ, ప్రకృతి ముందు ఉన్నోడూ లేనోడూ ఒకటే" అని నావైపు చూసి మరీ అన్నాడు. అంతలో బెల్లు కొట్టారు, నేను క్లాసుకు పోయాను. ఆ జవాబు బాకీ ఉండిపోయింది. ఇప్పుడు తీరుస్తున్నాను.

ముందు మా పల్లె సంగతి చెప్పాలి. నేను ఆరో తరగతిలో ఉండగా ఒక ఎండాకాలం మా పల్లె కాలిపోయింది. మాది ఊరికి తూర్పున, పల్లంలో. ఊరోళ్ల గడ్డివాములన్నీ ఊరికీ మాకూ మధ్యన. పడమటి గాలికి వామి నుంచి లేచిన రవ్వ మా తాటాకు కప్పు మీద పడింది. చూరుకు చూరు తగిలే ఇళ్ళు. ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకు పోవడానికి నిప్పుకు ఎంతసేపు? టౌను నుంచి ఫైరింజను వచ్చింది. ఊళ్ళోదాకా వచ్చింది. పల్లెకు దిగే కాలవ మీద తూము దాని బరువు ఆపదని అక్కడే నిలబెట్టారు. మా అమ్మ బిందెలతో నీళ్ళు మోసింది. తెల్లారి ఎమ్మార్వో వచ్చి బియ్యం, పంచె, చీర ఇచ్చి "అగ్నిప్రమాదం" అని రాసుకుని పోయాడు.

ప్రమాదమా? వాములు మా నెత్తిన పెట్టిందెవరు? తూము అంత బలహీనంగా కట్టిందెవరు? చూరుకు చూరు తగిలేట్టు ఇన్ని కుటుంబాలను ఆ చారెడు నేలలో కుక్కిందెవరు? రవ్వ పడటం ఒక్క క్షణం పని. మిగతాదంతా ఏళ్ల తరబడి గీసిన ప్లాను.

ఇది చేతబట్టుకుని లాస్ ఏంజిల్స్ పోదాం.

ఆ నగరం కొండల్ని ఆనుకుని ఉంది. కొండల మీద పొదల అడవి. వానలు ఆలస్యమైన ఏడు ఆ పొదలు చితుకుల్లాగా ఎండిపోతాయి. లోపలి ఎడారి నుంచి సముద్రం వైపు పొడిగాలి వీస్తుంది, శాంటా ఆనా గాలి అంటారు. 2025 జనవరి 7న ఆ గాలి విరుచుకుపడింది. ఆ ఒక్కరోజే రెండు పెద్ద మంటలు లేచాయి. ఒకటి పసిఫిక్ పాలిసేడ్స్ అనే డబ్బున్నోళ్ల పేటలో. అక్కడ 12 మంది చనిపోయారు, 6,800కు పైగా కట్టడాలు కాలిపోయాయి. రెండోది ఈటన్ లోయలో లేచి ఆల్టడీనా అనే ఊరి మీద పడింది. అక్కడ 19 మంది చనిపోయారు, 9,400కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. మన పంతులుగారి పేపర్లో బొమ్మ మొదటి దానిదే. ఎక్కువమంది చచ్చిన రెండోదాని పేరు ఆయన వినలేదు.

ఆల్టడీనా ఎవరిది? 1930ల్లో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాలకు మ్యాపులు గీసింది. నల్లజాతి వాళ్ళున్న పేటలకు ఎర్రరంగు పూసింది. ఎర్రరంగు పడిన పేటలో ఇంటికి అప్పు పుట్టదు. ఇళ్ళ అమ్మకాల్లో వివక్ష కూడదని 1968లో చట్టం వచ్చింది. ఆ కాలంలోనే నల్లవాళ్ళు ఆల్టడీనాలో ఇళ్ళు కొనుక్కోవడం పెరిగింది. ఎక్కువగా ఎటువైపు? లేక్ అవెన్యూ అనే రోడ్డుకు పడమటి వైపు. 1960లో ఆ ఊళ్ళో నూటికి నలుగురున్న నల్లవాళ్ళు 1980 నాటికి నూటికి నలభై దాటారు. పని చేసి, పొదుపు చేసి, పిల్లలకు మిగిల్చిన ఇళ్ళవి. మన ఊళ్ళల్లో ఊరికీ వాడకూ మధ్య కాలవో డొంకో ఉన్నట్టు అక్కడ ఒక రోడ్డు.

ఇప్పుడు ఆ రాత్రి లెక్క చూడండి. ఈటన్ లోయలో నిప్పు లేచింది సాయంత్రం 6 గంటల 18 నిమిషాలకు. తూర్పు వైపు వాళ్లకు ఇళ్ళు ఖాళీ చేయమనే ఆజ్ఞ గంట కొద్దిగా దాటేసరికి వచ్చింది. పడమటి వైపుకు? తెల్లవారుజామున 3 గంటల 25 నిమిషాలకు! అప్పటికే ఎన్నో గంటలుగా ఆ వైపు ఇళ్ళు అంటుకుంటున్నాయి. చనిపోయిన 19 మందిలో దాదాపు అందరూ పడమటి వైపు వాళ్ళే. ముసలివాళ్ళు, లేవలేనివాళ్ళు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు లెక్కదీస్తే, ఊళ్ళో నల్లజాతి కుటుంబాల ఇళ్లలో నూటికి 48 నాశనమో, బాగా దెబ్బతినడమో జరిగింది. మిగతావాళ్లలో నూటికి 37.

ఇప్పుడు చెప్పండి పంతులుగారూ, నిప్పు అందరికీ ఒకటేనా?

అన్నలారా, తరతరాలుగా ఊరందరికీ దండోరా వేసింది మనోళ్ళు. వరదొచ్చినా, కలరా వచ్చినా, జమీందారు వచ్చినా డప్పు మోగించి ఊరికి కబురు చెప్పింది మనం. మన వాడకు కబురు చెప్పడానికి ఎవడొచ్చాడు? ఉపగ్రహాలూ సెల్‌ఫోన్లూ ఉన్న అమెరికాలో కూడా కబురు పడమటి వాడకు ఆఖరునే చేరింది.

"కావాలని ఎవరూ చేయలేదు" అంటారు. కౌంటీ ప్రభుత్వం రాయించుకున్న నివేదిక 2025 సెప్టెంబరులో వచ్చింది. విధానాలు పాతబడ్డాయనీ, సిబ్బంది చాలలేదనీ అది చెప్పింది. సరే, ఒప్పుకుందాం. మా పల్లె కాలినప్పుడు ఫైరింజను డ్రైవరు కూడా కావాలని ఆపలేదు. పాపం, అతను దిగి బిందె అందుకున్నాడు. ఒక మనిషికి కక్ష లేకపోయినా మనం చచ్చేట్టు కట్టి పెట్టిందే ప్లాను. తూము కట్టిన రోజునే మా ఇళ్ళు కాలడం ఖాయమైంది.

నగరం అంచున మంటల్ని ఆపే విద్య తెలియనిదేం గాదు. అది మన తాటాకు ఇళ్ల వాళ్లకు ఒకరు నేర్పాల్సినదీ గాదు. ఎక్కువ ఇళ్ళు ఎదురొచ్చే మంట వల్ల అంటుకోవు, ముందుగా ఎగిరొచ్చే రవ్వల వల్ల అంటుకుంటాయి. రవ్వ కప్పు మీదో, చూరు కిందో, గాలి పోయే కంతలోంచి అటకలోనో దూరుతుంది. అందుకని కాలిఫోర్నియాలో ప్రమాదం ఉన్న ప్రాంతాలకు మ్యాపు గీశారు. ఆ మ్యాపులో ఉన్నచోట కొత్త ఇంటికి అంటుకోని కప్పు వేయాలనీ, కంతలకు సన్న జాలీ కొట్టాలనీ 2008లో నిబంధన తెచ్చారు. ఇంటి చుట్టూ నూరడుగుల మేర పొదలు నరకాలన్నారు. గోడకు ఆనుకుని అయిదడుగుల లోపల కాలే వస్తువేదీ ఉండకూడదని 2020లో చట్టం చేశారు. దానికి నిబంధనలు 2023 కల్లా రావాలి. 2025 జనవరిలో మంటలు వచ్చాయి గానీ నిబంధనలు రాలేదు.

నేను నిబంధనలకు వ్యతిరేకం గాదు. అవి పని చేస్తాయి. అదే రాష్ట్రంలో 2018 నవంబరు 8న పారడైజ్ అనే కొండ ఊరు కాలిపోయి 85 మంది చనిపోయారు. అక్కడ 2008 తరవాత కట్టిన ఇళ్లలో సగం చెక్కుచెదరకుండా నిలబడ్డాయి. అంతకుముందు కట్టినవాటిలో నూటికి 18 మాత్రమే నిలిచాయి. కాబట్టి విద్య ఉంది, పనిచేస్తుంది. అది ఎవరి ఇంటిదాకా వచ్చిందనేదే ప్రశ్న. కొత్త ఇల్లు కట్టుకునే స్తోమత ఎవరికుంది? పాత ఇంటికి కప్పు మార్చే డబ్బు పింఛను మీద బతికే ముసలమ్మకు యాడ నుంచి వస్తుంది? పారడైజ్‌లో చచ్చినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్ళు, చాలామంది తెల్లవాళ్ళే. వాళ్ళు కూడా పేదరికంతో నగరాల అద్దెలు కట్టలేక ఆ కొండెక్కినవాళ్ళు. కిందికి దిగే పెద్ద రోడ్డును ఊరి నడుమ అంతకుముందే ఇరుకు చేసి పెట్టారు. నిప్పు పుట్టింది కరెంటు కంపెనీ పాతబడిన లైను నుంచి. 84 మంది చావుకు తామే నేరస్తులమని 2020లో ఆ కంపెనీ కోర్టులో ఒప్పుకుంది. నిబంధన ముసలమ్మ పెరట్లో పొదకు వర్తించినంత చురుగ్గా కంపెనీ తీగకు ఎందుకు వర్తించదు?

మ్యాపు సంగతీ అంతే. ఆల్టడీనాలో కాలిన ఇళ్లలో ఎక్కువ భాగం "అతి తీవ్ర ప్రమాద ప్రాంతం" గీతకు అవతలే ఉన్నాయి. ఒకప్పుడు మ్యాపులో ఎర్రరంగు పడినందుకు అప్పు పుట్టలేదు. ఇప్పుడు మ్యాపులో రంగు పడనందుకు రక్షణ లేదు. మ్యాపు గీసే బల్ల దగ్గర మనం లేకపోతే రంగు పడినా మనకే చేటు, పడకపోయినా మనకే చేటు.

ఇక ఆర్పిందెవరో చూడండి. కోటీశ్వరులు సొంతంగా ఫైరు బృందాల్ని బాడుగకు తెచ్చుకుని తమ ఆస్తులు కాపాడుకున్నారు. ప్రజల తరపున కొండల్లో పొదలు నరికి మంటకు అడ్డం పోయినవాళ్లలో 1,000 మందికి పైగా జైలు ఖైదీలు. వాళ్ల కూలి రోజుకు సుమారు 6 డాలర్ల నుంచి 10 డాలర్లు, మంట దగ్గరున్న గంటకు ఇంకొక డాలరు. ఆ రాష్ట్ర జనాభాలో నల్లవాళ్ళు నూటికి ఆరుగురు. జైళ్లలో నూటికి పాతికమందిని మించి ఉన్నారు. మంటల మీద ఉన్నప్పుడు గంటకు 7 డాలర్ల 25 సెంట్లు ఇవ్వాలని 2025 అక్టోబరులో చట్టం చేశారు, అదీ జనం గొడవ చేశాక. మ్యాన్‌హోల్లోకి ఎవరు దిగుతున్నారో తెలిసిన మనకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు.

మైక్ డేవిస్ అనే అమెరికా రచయిత 1998లోనే లాస్ ఏంజిల్స్ మీద పుస్తకం రాసి ఈ గుట్టు విప్పాడు. మాలిబు కొండల్లో ధనవంతుల బంగళాలు కాలిన ప్రతిసారీ ప్రజల సొమ్ముతో మళ్ళీ లేస్తాయి. నగరం నడిబొడ్డున వలస కూలీలుండే ఇరుకు అద్దె కొంపల్లో మనుషులు కాలి చచ్చినా భద్రతా నిబంధన అమలు చేసే నాథుడు ఉండడు. ఒకే నగరం, రెండు నిప్పులు, రెండు లెక్కలు.

కాలిన తరవాత ఏమైంది? స్థలాలు కొనే కంపెనీలు బూడిద చల్లారకముందే దిగాయి. జనం "ఆల్టడీనా అమ్మకానికి లేదు" అని ఇళ్ల ముందు బోర్డులు పాతుకున్నారు. అసైన్డు భూమి దగ్గర బ్రోకర్లను చూసిన మనకు ఆ బోర్డు అర్థం తెలుసు.

"అమెరికా గోల మనకెందుకు" అనేవాళ్లకు ఒక మాట. బాబాసాహెబ్ 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసి, మన స్థితీ వాళ్ల స్థితీ ఎంత దగ్గరో చెప్పుకున్నాడు. 1972లో బొంబాయిలో మన దళిత పాంథర్లు పేరు పెట్టుకున్నది కాలిఫోర్నియాలో పుట్టిన బ్లాక్ పాంథర్లను చూసే. ఇంకో సంగతి. 1942లో నాగపూర్ మహాసభలో అంటరానివాళ్లకు ఊరికి దూరంగా వేరే గ్రామాలు కావాలని అంబేడ్కర్ నాయకత్వంలో తీర్మానం చేశారు. అంటే ఇల్లు ఎక్కడ ఉండాలి, ఎవరి గాలి వాలున ఉండాలి అనేది ఇంజనీర్లకు వదిలే విషయం గాదని ఆనాడే తేల్చారు. అది రాజకీయం.

ఇక మన దగ్గరకొద్దాం. 2014 మార్చిలో తిరుమల పక్కన శేషాచలం అడవి అంటుకుంటే వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు పోశాయి. రావలసిందే, తప్పు లేదు. ఆ కొండ కింద పల్లెకు ఒక ఫైరింజను తిరిగే మలుపు ఉందా అని మాత్రం అడుగుతున్నాం. అడవి అంటుకుంటే మొదటి అనుమానం మేకలోడి మీద, కట్టెలు ఏరుకునే ఆడమనిషి మీద. నగరం అంచున మనకు ఇచ్చే ఇళ్ల పట్టాలు ఎక్కడ? చెరువు గర్భంలో, హైటెన్షన్ తీగ కింద, చెత్తకుప్ప పక్కన. 2023 మార్చిలో కొచ్చిన్ దగ్గర బ్రహ్మపురం చెత్తకుప్ప పది రోజులు దాటి కాలింది. మన నగరాల చెత్తకుప్పల పక్కన ఎవరి గుడిసెలున్నాయో వెళ్ళి చూడండి.

కాబట్టి ఎండాకాలం రాకముందే ప్రతి పల్లెలో, ప్రతి గూడెంలో, ప్రతి బస్తీలో ఈ పని చేయండి. గ్రామసభలో గానీ మున్సిపల్ ఆఫీసులో గానీ రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి.

ఒకటి. పల్లె చివరి ఇంటిదాకా ఫైరింజను వచ్చి తిరిగి పోగల దారి కావాలి. తూములు, కల్వర్టులు ఆ బరువు మోయాలి. ఒకసారి ఇంజను తెప్పించి నడిపించి చూపించమనండి.

రెండు. వాడలోనే నీటి ట్యాంకు, దానికి మంటలార్పే పైపు తగిలించే ఏర్పాటు కావాలి.

మూడు. గడ్డివాములు, చెత్తకుప్పలు, ఎండిన చిల్లచెట్లు మన కప్పులకు దూరంగా ఉండాలి. ఆ పని ఖర్చు మన జేబులోంచి గాదు.

నాలుగు. కప్పు మార్చమంటే కప్పు ఇవ్వాలి. నిబంధన వెంట నిధి రావాలి. 2013లో పోరాడి తెచ్చుకున్న సబ్‌ప్లాన్ చట్టం ఉంది. తెలంగాణలో 2017 నుంచి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ డబ్బు యాడికి పోతోందో నిలదీయండి.

అయిదు. హెచ్చరిక మొదట మన వాడలో మోగాలి. ముసలివాళ్ళు, లేవలేనివాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో, వాళ్లను ఎవరు మోసుకురావాలో ముందే పేర్లు రాసి పెట్టాలి.

ఆరు. అడవిలో, కుప్పల మీద మంటలార్పే రోజు కూలీలకు బూట్లు, బీమా, పూర్తి జీతం ఇవ్వాలి.

ఏడు. పట్టా చేతిలో పెట్టేముందు స్థలం చూపించాలి. కూడదంటే కూడదని చెప్పే హక్కు మనది.

పంతులుగారూ, మీరన్నదాంట్లో సగం నిజం. నిప్పుకు కులం లేదు. దానికి దారి వేసినవాడికి ఉంది. ఆ దారి ఎటు పోవాలో తేల్చే బల్ల దగ్గరికి మేం వస్తున్నాం. ఈసారి బిందెలతో గాదు, కాగితాలతో.

జై భీమ్!