శవానికి బొట్టు పెడతారు

మాక్లూర్‌లో మా పెద్దనాయిన పోయిన పదో దినం. తెల్లవారకముందే పెద్దమ్మ చేతుల నిండా గాజులు తొడిగి, ఇంత బొట్టు పెట్టి, తలలో పూలు పెట్టారు. అవన్నీ తీసెయ్యడానికే. చెరువుగట్టున ఆ గాజులు పగలగొట్టింది మరో విధవ. ఆమెకైతే ఇంక పోయేదేం లేదని ఆ పని ఆమెకు అప్పగించారు.

స్త్రీవాదం పాఠం చెప్పే నేను అక్కడే ఉన్నాను. "గాజులు ఉంచితే ఏమైతది?" అన్నాను. "నీకేంది బిడ్డా, పొద్దుగాల బస్సెక్కి పోతవ్. ఊర్ల ఉండేది ఆమె" అంది మేనత్త. నోరు మూసుకున్నాను.

పెద్దమ్మ చిన్నప్పటి నుంచి బీడీలు చేస్తోంది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి సంపాదించిన పైసలతో కొనుక్కున్న గాజులవి. బొట్టు ఆమెకు మాటలు రాకముందే తల్లి పెట్టింది. మా ఇండ్లలో రెండు పుస్తెల్లో ఒకటి పుట్టింటివాళ్లు చేయించేదే. ఆయన ఇవ్వనివన్నీ ఆయనతో ఎందుకు పోవాలి?

సంప్రదాయం అంటారు. మరి భర్త ఉండగా పోయిన ఆడదానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గాజులు తొడిగి పాడె మీద పడుకోబెడతారు. పుణ్యాత్మురాలని ముత్తైదువలు ఆ శవం దగ్గర బొట్టు తీసుకుంటారు. శవానికి ఉన్నపాటి హక్కు బతికున్న మనిషికి లేదు. పెండ్లాం పోయిన మగవాడి ఒంటి మీద నుంచి ఏం తీస్తారో ఎవరైనా చెప్పండి. ఏడాది తిరక్కముందే పిల్లను చూస్తారు, అంతే.

బోధన్ దాటి మంజీర అవతలికి పోతే మహారాష్ట్ర. ఆ రాష్ట్రంలో కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ గ్రామం 2022 మేలో గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం, మెట్టెలూ మంగళసూత్రమూ తీయడం వద్దని తీర్మానం చేసింది. అదే నెలలో మిగతా పంచాయతీలనూ ఆ దారి పట్టమని ప్రభుత్వం సర్క్యులర్ పంపింది. కాగితంతో మనసులు మారతాయా అంటే, మారకపోవచ్చు. కానీ "నలుగురేమంటారు" అనే ఆ నలుగురే అక్కడ కూర్చుని వద్దన్నారు. వాళ్లెవరూ పొద్దుగాల బస్సెక్కి పోయేవాళ్లు కాదు.

మనమో? వీరేశలింగం 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించాడని పరీక్షల్లో రాయిస్తాం. పదో దినానికి పిలిస్తే పోయి, కళ్లు తుడుచుకుని, భోంచేసి వస్తాం. నేనూ అదే చేశాను.

మళ్లీ పోయినప్పుడు పెద్దమ్మ వాకిట్లో బీడీలు చేస్తోంది. నేను బయల్దేరుతుంటే గబగబా లేచింది. "జర ఆగు బిడ్డా, నేను లోపలికి పోయినంక ఎల్లు" అని, చాట పట్టుకుని తనే తలుపు వెనక్కి పోయింది.