తాతల తుపాకీ, మన తుప్పు

పీలమేడు ఇళ్ళల్లో పాత తుపాకీ మాట వచ్చిందంటే చాలు, చుట్టాలు రెండు జట్లుగా చీలిపోతారు. ఒక జట్టు మీసం మీద చెయ్యి వేసి "మా తాత దీంతోనే ఆనమల అడవిలో పులిని కొట్టినాడు" అంటుంది. రెండో జట్టు "ఆ పీడ ఇంట్లో దేనికి, ఎక్కడన్నా పారేసి రండి" అంటుంది. మా ఇంట్లోనూ ఈ రెండు జట్లూ ఉన్నాయి. మేము ఈ రెండింటికీ ఎదురు మాట్లాడదలచుకున్నాం.

మా మాట ఇదీ. తుపాకీ ఇంట్లో ఉంటే ప్రభుత్వం లెక్కలో ఉండాలి, శుభ్రంగా ఉండాలి, పనిచేసే స్థితిలో ఉండాలి. ఈ మూడూ చెయ్యలేకపోతే గౌరవంగా అప్పగించెయ్యాలి. లైసెన్సు గడువు దాటిపోయి, బీరువాలో చీరల వెనకాల తుప్పు పడుతూ ఉన్న ఇనుప కడ్డీకి వారసత్వం అని పేరు పెట్టుకోవడం మన తాతలకు మనం చేసే అవమానం.

మా ఇంట్లో ఉన్నది లివర్ రైఫిల్. వించెస్టర్ 1894 నమూనా, .30-30 తూటా. ట్రిగ్గరు చుట్టూ వంకీలా ఉన్న లివర్‌ను కిందికి తోస్తే కాలిన డొప్ప పైనుంచి ఎగిరిపోతుంది, హ్యామర్ వెనక్కి వాలుతుంది. లివర్ మళ్ళీ పైకి లాగితే బ్యారెల్ కింది గొట్టంలోంచి వచ్చిన కొత్త తూటా గదిలో కూర్చుంటుంది. ఇంతే పని. ఇంత పనిని ఇంత తక్కువ ముక్కలతో చేయించినవాడు జాన్ బ్రౌనింగ్ అనే అమెరికా మెకానిక్. నాన్న తుపాకుల కొట్లోనే పని నేర్చుకున్న మనిషి. ఆయన గీసిన ఈ నమూనా డెబ్భై లక్షలకు పైగా తయారయింది. మన వైపు అడవుల్లో ఈ జాతి తుపాకీకి పేరు తెచ్చింది బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్. ఆయన చేతిలో ఉన్నది .405 వించెస్టర్, 1895 నమూనా. సేలం, ధర్మపురి, నీలగిరి అడవుల కథలు చదివినవాళ్ళకి ఆ తుపాకీ చుట్టం లాంటిది.

మొదటి జట్టువాళ్ళతో మొదట మాట్లాడుకుందాం. అయ్యా, పులి కథ చాలించండి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, ఆ కథ అక్కడితో ముగిసింది, ముగియడమే మంచిదయింది. తొండాముత్తూరు వైపు తోటలున్న బంధువులు కొందరు "ఏనుగులు అరటితోటలోకి దిగుతున్నాయి, తుపాకీ ఉంటే ధైర్యం" అంటారు. ఏనుగు మీద తుపాకీ ఎక్కుపెట్టడం ధైర్యం కాదు, జైలు. ఆ బాధ నిజమే, పోయిన పంట నిజమే, కానీ దాని మందు ఈ బీరువాలో లేదు. పెళ్ళి ఊరేగింపుల్లో గాల్లోకి పేల్చడం సంగతి చెప్పనే అక్కర్లేదు. 2019 సవరణ తరవాత అది చట్టంలోనే పేరు పెట్టి చెప్పిన నేరం.

అసలు గర్వపడాల్సింది ఎక్కడో చూడండి. మన పీలమేడుకి పేరు తెచ్చింది వేట కాదు, లేతు. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి ఈ పీలమేడులోనే ఎలక్ట్రిక్ మోటారు తయారు చేసి చూపించారు. 1926 నుంచి పి.ఎస్.జి. ధర్మసంస్థ ఇక్కడి పిల్లలకు చదువుతో పాటు చేతిపనీ నేర్పించింది. పత్తి చేలు చేసుకునే తెలుగు కుటుంబాలు రెండు తరాల్లో పంపులు, మోటార్లు, మిల్లు యంత్రాలు చేసే కుటుంబాలయ్యాయి. చెడిపోయిన యంత్రాన్ని పారెయ్యకుండా విప్పి చూసి, అరిగిన ముక్క ఏదో కనుక్కుని, మళ్ళీ నడిపించే బుద్ధి మన ఆస్తి. ఆ కళ్ళతో చూస్తే లివర్ రైఫిల్ ఒక చక్కటి యంత్రం. ఆ కళ్ళు లేకపోతే అది ఒట్టి బెదిరింపు సామాను.

ఆయుధ పూజ నాడు మనం చేసే పనే చూడండి. ముందు రోజు లేతులు కడుగుతాం, తుడుస్తాం, గంధం కుంకుమ పెడతాం, బొరుగులు పుట్నాలు పంచుతాం. పూజ అయ్యాక లేతు మళ్ళీ నడవాలి కాబట్టి తుడిచి నూనె పెడతాం. అదే రోజు బీరువాలోంచి తుపాకీ దించి దానికీ మూడు వేళ్ళ గంధం, మీద కుంకుమ పెడతాం, ఫొటో తీసుకుంటాం, అలాగే తోలు సంచిలో తోసి మళ్ళీ సంవత్సరం దాకా మర్చిపోతాం. తడి గంధం కింద ఇనుము ఊరుకుంటుందా? మేము చూసిన పాత తుపాకుల్లో రిసీవర్ పక్కన గుండ్రంగా మూడు తుప్పు మచ్చలు ఉన్నవి ఒకటి రెండు కాదు. అవి కాలం పెట్టిన మచ్చలు కావు, మన భక్తి పెట్టిన బొట్లు. లేతుకి చేసిన మర్యాద తుపాకీకి ఎందుకు చెయ్యం? లేతు అన్నం పెడుతుంది, తుపాకీ పెట్టదు, అందుకే గదా?

బాగు చూడటం పెద్ద విద్య కాదు. లైసెన్సు ఉన్నవాళ్ళు ఏడాదికి నాలుగుసార్లు, వానాకాలంలో ఇంకొకసారి, ఒక గంట కేటాయిస్తే చాలు.

ముందు ఖాళీ చెయ్యాలి. ఈ తుపాకీలో గొట్టంలో ఉన్న తూటాలను బయటికి తియ్యాలంటే లివర్ ఆడించి ఒక్కొక్కటీ గది గుండా రప్పించాల్సిందే. అందుకే మూతి ఎటువైపు ఉందో ఎప్పుడూ తెలిసి ఉండాలి, వేలు ట్రిగ్గరు దగ్గరికి పోకూడదు. తూటాలు అయిపోయాయనుకున్నాక కూడా గదిలోకి కన్నుతో చూడాలి, చిటికెన వేలితో తడమాలి. పాత నమూనాలకు ఇప్పటి మీట లాంటి సేఫ్టీ లేదు, హ్యామర్ సగం మెట్టు మీద నిలబడటమే సేఫ్టీ. ఆ మెట్టు అరిగిపోయిందేమో చూపించుకోకుండా దాన్ని నమ్మకూడదు.

తరవాత బ్యారెల్. వెనక నుంచి కడ్డీ దూర్చడానికి ఈ తుపాకీలో దారి లేదు, మూతి వైపు నుంచే తుడవాలి. మూతి అంచు చెడితే గుండు దారి చెడుతుంది, అందుకని కడ్డీ అంచుకు రాసుకోకుండా మూతికి చిన్న గైడు పెట్టాలి. లివర్ తెరిచి తుపాకీని తలకిందులుగా పెడితే మురికి నూనె లోపలి ముక్కల్లోకి కారదు. పాత తూటాలు కాల్చి ఉంటే ఒట్టి నూనె చాలదు. వాటి క్యాపుల్లోంచి వచ్చే ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. వేడినీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, అప్పుడు పల్చగా నూనె. పల్చగా అంటే పల్చగానే. ఎక్కువైన నూనె కిందికి దిగి కర్రను మెత్తబరుస్తుంది. తుడిచాక కొన్ని గంటలు మూతి కిందికి పెట్టి ఉంచితే ఆ బాధ ఉండదు. తోలు సంచిలో మాత్రం దాచొద్దు, తోలు చెమ్మ పట్టుకుంటుంది. నీలి పూత వెలిసిపోయిందని ఎమెరీ కాగితంతో రుద్ది మెరిపించొద్దు. ఆ పూతే దాని చర్మం. చేతికి దొరికిన స్క్రూడ్రైవరుతో స్క్రూలు తిప్పొద్దు. గాటుకి సరిగ్గా పట్టే అంచు ఉంటేనే ముట్టుకోండి. మా తుపాకీని ఒకసారి ఒక దుకాణంలో ఇస్తే ఎడమవైపు రెండు స్క్రూల తలలు చీల్చి తిరిగిచ్చారు. ఆ గాయం ఇప్పటికీ వేలికి తగులుతుంది.

తూటా సంగతి ఇంకా ముఖ్యం. గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి, ఒకదాని ముక్కు ముందుదాని క్యాపుకి ఆనుతుంది. అందుకే ఈ తుపాకులకు చదునైన ముక్కు గుండే వాడాలి. సూది ముక్కు గుండు ఆ వరసలో కుదుపుకి ముందుదాని క్యాపును పేల్చగలదు. పేలని తూటా వస్తే వెంటనే లివర్ లాగొద్దు. మూతి గురి మీదే ఉంచి అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. ఇంట్లో ఖాళీ తుపాకీ టిక్కు టిక్కుమని కొట్టడం పిల్లచేష్ట. కాల్చాలనిపిస్తే అనుమతి ఉన్న రేంజిలో, కాగితం గురి మీద కాల్చండి.

ఇంత చెప్పాక మన లేతు వీరులకు ఒక హెచ్చరిక. "పిన్ను అరిగితే మన షెడ్డులోనే తిప్పేస్తాం గదా మామా" అనే కుర్రాళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు. తిప్పగలరు, అందులో అనుమానం లేదు. కానీ 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షను ప్రకారం తుపాకీ తయారీకే కాదు, మరమ్మతుకి కూడా లైసెన్సు కావాలి. తుడవడం మన పని, మరమ్మతు లైసెన్సున్నవాడి పని. "దీని తూటా దొరకదు, బ్యారెల్ మార్చి .315 చేయిద్దాం" అనే సలహా అంతకంటే చెడ్డది. ఆ తూటా పొడవు వేరు, ఒత్తిడి వేరు, ఈ యంత్రం దానికోసం పుట్టలేదు.

ఇక రెండో జట్టు, పారేద్దాం అనేవాళ్ళు. ఎక్కడ పారేస్తారు? బావిలోనా? మన వైపు బావులు ఎండుతాయి, పూడిక తీస్తారు, తుపాకీ బయటికొస్తుంది, నంబరుతో సహా. ఆ నంబరు తాత పేరు మీద ఉంటుంది. తాత పోయాక లైసెన్సు లేకుండా దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం, బావిలో వెయ్యడం ఆ నేరానికి మందు కాదు. దారి చట్టంలోనే ఉంది. పోలీసు స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. ఉంచుకోవాలనుకుంటే వారసుడు తన పేరు మీద లైసెన్సు అడగాలి. 2016 నిబంధనల ప్రకారం దానికి పెద్దాయన పోయేదాకా ఆగక్కర్లేదు. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్ళు ఉన్నా, ఆయన బతికుండగానే వారసుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కర్మకాండ రోజు తుపాకీ ఎవరిదని కొట్టుకునే కంటే ఇది మేలు గదా.

ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేకపోయినా, తాగుడు ఉన్నా, పిల్లలకు తాళంచెవి అందేలా ఉన్నా ఇంకేమీ ఆలోచించొద్దు. ఆ వారమే డీలరు దగ్గర జమ చెయ్యండి. పరువు పోతుందని ఆగొద్దు. తుపాకీ మళ్ళీ తెచ్చుకోవచ్చు, మనిషిని తెచ్చుకోలేం.

ప్రభుత్వాన్నీ ఒక మాట అడగాలి. 1878లో లిట్టన్ దొర చట్టం మన చేతుల్లోంచి తుపాకులు లాక్కోవడానికి వచ్చింది. స్వతంత్రం వచ్చాక 1959లో మన చట్టం మనం రాసుకున్నాం. 2019 డిసెంబరు సవరణ మనిషికి మూడు తుపాకులను రెండుకి దించింది. వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోనే. లెక్క తగ్గించడాన్ని మేము తప్పు పట్టం, తుపాకులు తక్కువున్న దేశమే మంచి దేశం. మా గొడవ వేరు. పురాతన విలువ ఉన్న ఆయుధానికి చట్టం 45వ సెక్షనులో మినహాయింపు ఉంది. ఎప్పుడు? మరమ్మతు చేసినా చెయ్యకపోయినా తుపాకీగా పనికి రానప్పుడు. అంటే ఆ సెక్షను కింద చచ్చిన తుపాకీకి స్వేచ్ఛ, బతికున్నదానికి లేదు.  మన ప్రభుత్వ కర్మాగారాలు జనానికి .315, .30-06, పన్నెండు బోరు తూటాలు చేస్తాయి, .30-30 చెయ్యవు.  ఎన్నికలొస్తే తుపాకీ స్టేషన్లో పెట్టమంటారు, పెడతాం. కానీ అక్కడి గదిలో దానికి నూనె ఎవరు పెడతారు?

మేము అడిగేది కొంచెమే. పాత తుపాకులకు వేరే పట్టిక పెట్టండి, తూటాలు లేకుండా ఉంచుకునే వేరే లైసెన్సు ఇవ్వండి, ఏటా తనిఖీ చెయ్యండి. మరమ్మతు తెలిసిన ముసలివాళ్ళు పోకముందే వాళ్ళ పని నేర్పించే దారి చూడండి. లేతులకు కొదవలేని కోయంబత్తూరులో దానికి చోటు లేకపోదు.

ప్రభుత్వం వినేదాకా మన వంతు మనం చేద్దాం. ఈ ఆయుధ పూజకు ముందే లైసెన్సు పుస్తకం తీసి గడువు చూడండి. తుపాకీ మీద నంబరూ పుస్తకంలో నంబరూ ఒకటేనా చూడండి. బొట్టు గోడ మీద పెట్టండి, ఇనుము మీద నూనె పెట్టండి. ఇంట్లో ఆడపిల్లకు ఆసక్తి ఉంటే ఆమెకే నేర్పించండి, వారసుడంటే మగపిల్లాడే అని చట్టం చెప్పలేదు. ఎవరికీ ఆసక్తి లేకపోతే రసీదు తీసుకుని అప్పగించండి. తాత ఫొటో పక్కన ఆ రసీదు పెట్టుకున్నా చాలు, ఆయనకు తలవంపు కాదు.