అమరావతి శిల్పాలకు అడ్డం చట్టమేనా?

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి నుంచి వెళ్లిన ఒక సున్నపురాయి ఫలకం ఉంది. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దిలో ఒక శిల్పి దానిమీద బోధివృక్షాన్ని, దాని కింద ఖాళీ ఆసనాన్ని, మొక్కుతున్న భక్తులను చెక్కాడు. సుమారు మూడు శతాబ్దాల తర్వాత మరో తరం శిల్పి అదే రాతిని తిప్పి, వెనకవైపున అమరావతి మహాస్తూపాన్ని ప్రాకారంతో, గుమ్మటంతో సహా చెక్కాడు. నేలమట్టమైపోయిన ఆ స్తూపం ఒకప్పుడు ఎలా ఉండేదో మనకు తెలిసింది ప్రధానంగా ఇలాంటి రాళ్ల వల్లే. ఆ స్తూపానికి చెందిన శిల్పాలు 120కి పైగా ఆ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడి వస్తువులను తిరిగివ్వమని ఏ దేశం అడిగినా మొదట వినిపించే జవాబు ఒక్కటే: చట్టం ఒప్పుకోదు. ఆ జవాబు నిలబడదు. అడ్డుపడుతున్నది చట్టం కాదు, దాన్ని మార్చాలన్న ఉద్దేశం లేకపోవడమే అసలు అడ్డంకి. దీనికి సాక్ష్యం బ్రిటిష్ పార్లమెంటే ఇచ్చింది.

1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం, నకళ్లు, పాడైపోయినవి వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప ట్రస్టీలు ఏ వస్తువునూ వదులుకోకూడదు. నాజీలు ఒక యూదు కుటుంబం నుంచి దోచుకున్న నాలుగు పాత చిత్రాలు తమ దగ్గర ఉన్నాయని తేలినప్పుడు, వాటిని ఇచ్చేయడానికి మ్యూజియం సిద్ధపడింది. కానీ నైతిక బాధ్యత ఎంత బలంగా ఉన్నా ఈ చట్టం దాటి ఇవ్వడానికి వీల్లేదని 2005లో హైకోర్టు తీర్పు చెప్పింది. కథ అక్కడితో ఆగలేదు. 2009లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, నాజీల కాలంలో చేతులు మారిన వస్తువులను తిరిగిచ్చే అధికారాన్ని జాతీయ మ్యూజియాలకు ఇచ్చింది. అంతకుముందే 2004 నాటి మరో చట్టం మానవ అవశేషాల విషయంలో తలుపు తెరిచింది. ఆ వెసులుబాటుతోనే ఆస్ట్రేలియాలోని టాస్మానియా ఆదివాసుల చితాభస్మం వారి వారసులకు చేరింది. న్యాయమని తోచినప్పుడల్లా చట్టానికి సవరణ దొరికింది. వలస పాలన దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే చట్టం మార్చరాని శిలాశాసనం అయిపోతోంది.

అంతర్జాతీయ చట్టంలోనూ ఇదే పక్షపాతం కనిపిస్తుంది. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అరికట్టేందుకు 1970లో యునెస్కో ఒడంబడిక వచ్చింది. అది ముందుకాలానికే వర్తిస్తుంది, వెనక్కి వెళ్లదు. దీని ఫలితం ఏమిటో చూడటానికి మన ప్రకాశం జిల్లా చందవరం చాలు. అక్కడి బౌద్ధ క్షేత్రానికి చెందిన మూడో శతాబ్దపు శిల్పఫలకం ఒకటి దొంగల చేతుల మీదుగా న్యూయార్క్ వ్యాపారికి, అక్కణ్నుంచి 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. అది భారత్‌లో ఉండగా తీసిన ఫొటో బయటపడ్డాక, 2016లో గ్యాలరీ దాన్ని తిరిగిచ్చింది. చందవరం ఫలకమూ అమరావతి ఫలకమూ సున్నపురాళ్లే, ఒకే శిల్ప సంప్రదాయానికి చెందినవే. ఒకటి ఇంటికొచ్చింది, మరొకటి రాలేదు. తేడా రాయిలో లేదు, తేదీలో ఉంది. నిన్నటి దొంగను పట్టుకునే చట్టం, నిన్నటి పాలకుణ్ని మాత్రం అడగనంటోంది.

'అప్పట్లో అదంతా చట్టబద్ధమే కదా' అన్నది మొదటి అభ్యంతరం. అమరావతిలో 1845లో తవ్వకాలు జరిపిన వాల్టర్ ఇలియట్ ఈస్టిండియా కంపెనీ అధికారి. శిల్పాలను మద్రాసుకు తరలించి, 1859లో లండన్‌కు పంపింది ఇక్కడి బ్రిటిష్ యంత్రాంగం. పుచ్చుకున్నది లండన్‌లోని వారి ప్రభువులు. తవ్వేవాడూ, అనుమతించేవాడూ, తీసుకునేవాడూ ఒకే పక్షమైనప్పుడు కాగితాలన్నీ సక్రమంగానే ఉంటాయి. గోల్కొండ సీమలో పుట్టిందని చెప్పే కోహినూరు కథా ఇంతే. ఆ వజ్రాన్ని బ్రిటన్‌కు అప్పగించిన 1849 నాటి లాహోర్ ఒప్పందం మీద సంతకం చేసిన సిక్కు రాజు దలీప్ సింగ్‌కు అప్పుడు పదేళ్లు. ఓడిన రాజ్యపు బాలుడి సంతకాన్ని ఏ న్యాయస్థానమైనా ఈరోజు స్వేచ్ఛా సమ్మతి అంటుందా? విచారమేమిటంటే, 2016లో మన ప్రభుత్వ న్యాయవాదే ఆ వజ్రం దొంగిలించింది కాదని, బలవంతంగా లాక్కున్నదీ కాదని సుప్రీంకోర్టుకు చెప్పారు. తర్వాత ప్రభుత్వం సర్దుకుని, దాన్ని సామరస్యంగా తెప్పించే ప్రయత్నాలన్నీ చేస్తామంది. అధికారం రాసిన చరిత్ర బాధితుడి నోటా పలుకుతుందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కర్లేదు.

రెండో అభ్యంతరం బరువైనది: వాళ్లు తీసుకెళ్లకపోతే అవి మిగిలేవా? పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో స్తూపం రాళ్లను కట్టడాలకు వాడుకున్నారు, కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. సర్వేయరు కాలిన్ మెకంజీ బృందం గీయించిన బొమ్మలే లేకపోతే ఎన్నో శిల్పాల జాడ కూడా మనకు తెలిసేది కాదు. ఈ నిజాన్ని దాచి చేసే వాదన వాదన కాదు. కానీ లండన్ చేరిన శిల్పాలు కూడా కొన్నేళ్లు ఫైఫ్ హౌస్ అనే భవనపు బండ్లశాలలో పడి ఉన్నాయి. వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ కంట పడ్డాకే వాటికి విలువ వచ్చింది. అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరింది 1880లో. ఇక భద్రత అంటారా, ఆ మ్యూజియం నుంచే దాదాపు 2,000 వస్తువులు మాయమో, చోరీయో అయ్యాయని, లేదా దెబ్బతిన్నాయని 2023లో బయటపడింది. ఒకరి నిర్లక్ష్యం ఇంకొకరికి హక్కు అవ్వదు. పైగా ఈ రాళ్లు ఏ జమీందారువీ కావు. అమరావతి శాసనాల్లో దాతలుగా వర్తకులు, గృహిణులు, భిక్షుణులు కనిపిస్తారు. విధికుడనే తోలుపనివాడు తన కుటుంబంతో కలిసి పూర్ణకుంభ ఫలకాన్ని సమర్పించాడు. ప్రజలు ఇచ్చిన సొత్తుకు వారసులు ప్రజలే.

అన్నీ ఇచ్చుకుంటూ పోతే ప్రపంచమంతటి సంస్కృతులను ఒకేచోట చూపే మ్యూజియాలు ఖాళీ అవుతాయన్నది మూడో మాట. అనుభవం అలా చెప్పడం లేదు. ఫ్రాన్స్ మ్యూజియాల్లో సహారా దిగువ ఆఫ్రికా వస్తువులు కనీసం 90,000 ఉన్నాయని 2018లో ఆ ప్రభుత్వానికి అందిన నివేదికే తేల్చింది. 2020లో పార్లమెంటు చట్టం చేసి బెనిన్ దేశానికి ఇచ్చినవి 26. జర్మనీ 2022లో, నేటి నైజీరియాలో ఉన్న పాత బెనిన్ రాజ్యపు కంచు శిల్పాల యాజమాన్యాన్ని నైజీరియాకు బదలాయించింది. బెర్లిన్‌లో ఉన్నవాటిలో మూడో వంతు అప్పు పద్ధతిన అక్కడే ఉండటానికి నైజీరియా ఒప్పుకుంది. బెర్లిన్ ప్రేక్షకులు అన్నీ కోల్పోలేదు, సొంతదారు ఎవరన్నది మాత్రం తేలిపోయింది. బ్రిటన్ ఎంచుకున్న దారి దీనికి తలకిందులు. 2024లో ఘనాలోని అసాంటేలకు వారి బంగారు వస్తువులు సహా 32 వస్తువులను మూడేళ్ల అప్పుగా పంపింది. సొంత నగను అప్పు తెచ్చుకున్నట్టు పెట్టుకోవలసి రావడం సర్దుబాటు కాదు, అవమానం.

మన వైపు నుంచి జరగవలసిందీ ఉంది. 2025లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా స్తూపంలో దొరికిన బౌద్ధ ఆభరణాలను హాంకాంగ్‌లో వేలం వేయబోతే కేంద్రం నోటీసు పంపి ఆపించింది. చివరికి ఒక భారతీయ వ్యాపార సంస్థ కొన్నాకే అవి స్వదేశం చేరాయి. ధనికుడు ముందుకొచ్చినప్పుడే తిరిగొచ్చే వారసత్వం విధానం అనిపించుకోదు. అమరావతి శిల్పాల మీద భారత ప్రభుత్వం అధికారికంగా, ఒక్కో శిల్పం పేరుతో యాజమాన్య బదిలీ కోరాలి. వాణిజ్య ఒప్పందాలకు కుదిరే చర్చలు వీటికీ కుదురుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ బౌద్ధ క్షేత్రాల్లోని ప్రతి శిల్పాన్నీ ఫొటోతో సహా నమోదు చేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. చందవరం ఫలకాన్ని తెచ్చింది అలాంటి ఒక ఫొటోయే. తిరిగొచ్చే శిల్పాలను అమరావతిలో నిలబెట్టడానికి తగిన మ్యూజియమూ, నిపుణులూ ముందే సిద్ధంగా ఉండాలి. ఇవన్నీ చేశాక లండన్‌ను అడగవలసింది ఒక్కటే. 2009లో ఒక అన్యాయం కోసం మార్చిన చట్టాన్ని మరో అన్యాయం కోసం మార్చండి. బాధితుడు ఐరోపావాడైతే ఒక న్యాయం, కృష్ణా తీరంవాడైతే ఇంకో న్యాయం ఉండకూడదని ఒప్పుకోండి.