మెరిట్ స్కాలర్‌షిప్పా, డిస్కౌంటా?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ప్రైవేటు యూనివర్సిటీలో మెరిట్ స్కాలర్‌షిప్ వస్తుందా?"

రావచ్చు. వచ్చాక ఏమవుతుందో చూద్దాం.

ఈ యూనివర్సిటీల్లో స్కాలర్‌షిప్ అంటే చాలాచోట్ల చేతికి డబ్బివ్వడం కాదు, ట్యూషన్ ఫీజులో పాతికో, యాభయ్యో శాతం తగ్గించడం. ఎంత తగ్గించాలో చెప్పేది జేఈఈ ర్యాంకు, ఇంటర్ మార్కులు, లేదా వాళ్లు పెట్టుకున్న ఎంట్రన్స్. హాస్టలు, మెస్సు మామూలుగా అందులోకి రావు. పైగా ప్రతి ఏడాదీ ఇంత సీజీపీఏ ఉండాలి, బ్యాక్‌లాగ్ ఉండకూడదనే షరతు.

ట్యూషన్ 4 లక్షలు, హాస్టలు లక్షన్నర అనుకుందాం. సగం మాఫీ అయినా ఏడాదికి 3.5 లక్షలు. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి కేంద్రం పెట్టిన ఆదాయ పరిమితే 2.5 లక్షలు! ఇల్లంతా పస్తులున్నా ఆ 'మెరిట్' సీటు ఫీజు తీరదు. ఫస్టియర్‌లో సీజీపీఏ తగ్గి మాఫీ పోయిందంటే, నాలుగేళ్ల ఖర్చు 14 లక్షల నుంచి 20 లక్షలకు చేరుతుంది. తెలుగు మీడియం నుంచి వెళ్లిన పిల్లకి తడబడేది ఆ మొదటి ఏడాదే కదా!

అసలు ఆ ర్యాంకు ఎక్కడిది? లక్షలు పోసిన కార్పొరేట్ కాలేజీది, లాంగ్‌టర్మ్ కోచింగ్‌ది. కొనగలిగిన వాడికి రాయితీ, అప్పు చేసినవాడికి ఫుల్ ఫీజు. దీన్ని ప్రతిభ అంటున్నారు.

బాబాసాహెబ్ 1913లో కొలంబియాకి వెళ్లింది బరోడా సంస్థానం నెలనెలా ఇచ్చిన పదకొండున్నర పౌండ్లతో. అది బతకడానికి కూడా ఇచ్చిన డబ్బు. ఆకలి తెలిసినవాడు కాబట్టే 1942లో వైస్రాయ్ ముందు మన పిల్లల చదువు ఖర్చు గురించి పట్టుబట్టాడు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆ పోరాట ఫలం. అది హక్కుగా వచ్చింది, బ్రోచర్‌లో ఆఫర్‌గా రాలేదు.

ప్రైవేటు సంస్థల్లో రిజర్వేషన్‌కి దారి కూడా ఉంది. 2005 నాటి 93వ సవరణతో ఆర్టికల్ 15(5) వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా చట్టం చేయమని సిఫారసు చేసింది. తెలంగాణ 2018 ప్రైవేటు యూనివర్సిటీల చట్టం స్థానికులకు 25 శాతం సీట్లంది, కులం ఊసెత్తలేదు. భూమి, అనుమతి, చట్టం ప్రజలవి. సీటు మాత్రం మార్కెట్‌దా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చేరేముందు నాలుగు అడగండి. మాఫీ దేని మీద? ఎన్నేళ్లకి? సీజీపీఏ తగ్గితే ఏమవుతుంది? ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? జవాబు కాగితం మీద రాయించుకోండి. ఆ సంస్థ కేంద్రం ఎస్సీ టాప్ క్లాస్ స్కీమ్ జాబితాలో ఉందేమో చూడండి. ఉండి, ఆ కోటాలో ఎంపికైతే ప్రైవేటులో ఏడాదికి 2 లక్షల వరకు ఫీజు వస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి.

విద్యార్థి సంఘాల మిత్రులారా, స్కాలర్‌షిప్ శాతాలు పెంచమని అడగడం మన డిమాండ్ కాకూడదు. 15(5) కింద చట్టం, ఫీజుతో పాటు తిండీ హాస్టలూ కలిపిన ప్రభుత్వ బాధ్యత, అవే మన డిమాండ్. డిస్కౌంట్ ఎప్పుడైనా ఎత్తేస్తారు. హక్కుని ఎత్తేయాలంటే మనతో తలపడాలి.

జై భీమ్.