తడిగుడ్డ తర్కం

"తడిగుడ్డతో పట్టుకో, చేయి కాలదు." ఈ సలహా వినని తెలుగు వంటిల్లు ఉందా? దాని వెనకాలే ఇంకో మాట: "వేడి గిన్నెలు పట్టుకునే ఆ సిలికాన్ తొడుగులా? ప్లాస్టిక్ కదా, కరిగి చేతికి అంటుకుంటాయి!" రెండూ తప్పే. మొదటిది ప్రమాదం కూడా.

తడిగుడ్డ సంగతే ముందు తేలుద్దాం. పొడిగుడ్డ చేతిని కాపాడుతోందంటే ఆ ఘనత చాలావరకు దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలిది. గాలి వేడిని మోయడంలో పరమ బద్ధకస్తురాలు. గుడ్డ తడిపారా, ఆ గాలిని తరిమేసి నీరు వచ్చి కూర్చుంటుంది. నీరు వేడిని గాలి కంటే 20 రెట్లకు పైగా వేగంగా చేరవేస్తుంది. అంతటితో అయిపోలేదు. మూకుడు చెవి 100 డిగ్రీలు దాటి కాగి ఉంటే గుడ్డలోని తడి ఆవిరై, మీ వేళ్లను తాకి మళ్లీ నీరవుతుంది. అలా మారుతూ ఒక్కో గ్రాము ఆవిరి దాదాపు 540 కేలరీల వేడిని చర్మానికి అప్పజెబుతుంది. మొదటి క్షణం చల్లగా తగులుతుంది చూడండి, మోసమంతా అక్కడే. నమ్మి ఎత్తుతారు. పొయ్యికీ గట్టుకీ మధ్య ఉండగా చురుక్కుమంటుంది. అప్పుడేం చేస్తారు? మరిగే సాంబారును కాళ్ల మీదికి వదిలేస్తారా, చేయి కాల్చుకుంటారా?

"మాది పొడి మసిగుడ్డే" అంటారు కొందరు. సంతోషం. గంజి వార్చేటప్పుడు ఆ గుడ్డను ఒకసారి గమనించండి. మూతను తపేలాకు అదిమి వంచగానే సందులోంచి ఆవిరి తన్నుకొస్తుంది, గంజి అంచు వెంట కారి గుడ్డ మడతల్లోకి ఇంకుతుంది. వార్పు సగం కాకముందే పొడిగుడ్డ తడిగుడ్డ అవుతుంది. గిన్నె దించేటప్పుడు అదే గుడ్డ కొస పక్క బర్నరు మీదికి వేలాడుతూ ఉంటుంది. ఇక చీరకొంగుతో దించేవారికి ఒక్క ప్రశ్న: మీ కొంగు పాలియెస్టర్ అయితే అది 250, 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగి చేతికి అంటుకునేది ఏదో ఇప్పుడు చెప్పండి!

సిలికాన్ కరగదు. పాలిథిన్‌కు వెన్నెముక కార్బన్ గొలుసు, దీనికి సిలికాన్ అనే మూలకం, ఆక్సిజన్ కలిసిన గొలుసు. వేడికి ఓర్చే గుణం అక్కడిదే. వంటింటి సరుకు సాధారణంగా 200 నుంచి 230 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారవుతుంది. గారెలు వేగే నూనె 190 దాటితే గారె మాడుతుంది, కాబట్టి లెక్క మీరే వేసుకోండి. పైగా ఇది నీటిని పీల్చదు. గంజి పడితే జారిపోతుంది, లోపలికి దిగదు.

అలాగని తొడుగు వేసుకోగానే వజ్రకవచం దొరికిందనుకునే భక్తులకూ నా దగ్గర మర్యాద లేదు. గ్యాస్ మంట ముందు ఆ 230 డిగ్రీలు ఏ మూలకు? మంట తగిలితే సిలికాన్ మాడి పెళుసై రాలుతుంది. ఇనుప పెనం పిడికి తొడిగి పొయ్యి మీదే వదిలేస్తే వేడి మెల్లమెల్లగా పైకి రాక మానదు. ఈ తొడుగు వేడిని ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు. వంట సాగుతున్నంతసేపూ తీసి పక్కన పెట్టాలి, దించేటప్పుడే తొడగాలి. నూనె జిడ్డు పట్టినదాన్ని సబ్బుతో కడగకుండా వాడితే గిన్నె జారుతుంది. వేలికొసలకు మాత్రమే వచ్చే బుల్లి తొడుగులతో పదిమందికి వండిన డేగిసా ఎత్తబోయేవారిని ఏమనాలి?

"పట్టకారు ఉండగా ఇవన్నీ ఎందుకు?" అనేది ఆఖరి అస్త్రం. పాలగిన్నెకు పట్టకారు భేషైనదే, కాదనను. నిండు తపేలాను ఒక్క అంచున పట్టి ఎత్తితే అది తిరగబడుతుందా లేదా? రెండు చెవుల ఇడ్లీ పాత్రను పట్టకారుతో దించి చూపించండి, చూద్దాం.