మినహాయింపు లేని మాట

అనువాదకునికి నిఘంటువు తోడు రాని ఘడియలు కొన్ని ఉంటాయి. కథలోనో, కవిత్వంలోనో అటువంటి ఘడియ ఎదురైతే ఎలాగో సర్దుకోవచ్చును. చట్టంలో ఎదురైతే సర్దుబాటుకు తావుండదు. కొన్నేళ్ల క్రితం సుప్రీంకోర్టు తీర్పుల సారాంశాలను తెలుగు చేస్తూ నేను ఈ సంగతి తెలుసుకున్నాను. ఒక తీర్పులో ‘కఠిన బాధ్యత’, ‘సంపూర్ణ బాధ్యత’ అనే అర్థమిచ్చే రెండు ఆంగ్లపదాలు పక్కపక్కనే వచ్చాయి. పర్యాయపదాలు కాబోలుననుకొని రెంటికీ ఒకే తెలుగు మాట వేశాను. వ్రాతప్రతిని సరిచూసిన వృద్ధ న్యాయవాది ఒకరు అక్కడ ఎర్ర సిరాతో గీత గీసి, “ఇవి రెండూ ఒకటి కావు. ఈ తేడాయే ఈ తీర్పు” అని అంచున వ్రాసి పంపారు.

ఆ తీర్పునకు మూలమైన వ్యాజ్యాన్ని నడిపిన న్యాయవాది ఎం.సి. మెహతా. జమ్మూ ప్రాంతపు రాజౌరీ జిల్లాలో ఒక పల్లెలో పుట్టి, జమ్మూలో వకీలుగా పనిచేసి, 1983లో సుప్రీంకోర్టులో ప్రాక్టీసు కోసం ఢిల్లీ చేరారు. కొత్త ఊరిలో వకీలు సాధారణంగా ఫీజు ఇచ్చుకోగల కక్షిదారు కోసం ఎదురుచూస్తాడు. మెహతా ఎన్నుకున్న కక్షిదారు ఫీజు ఇవ్వగలది కాదు; అది తాజ్‌మహల్. ఫ్యాక్టరీల పొగకు ఆ పాలరాయి వన్నె తగ్గిపోతూ ఉంటే న్యాయవాదులకు చీమ కుట్టినట్లైనా లేదని ఎవరో ఎత్తిపొడిచారట. ఆయన ఆగ్రా వెళ్లి కళ్లారా చూసి వచ్చి, 1984లో అర్జీ దాఖలు చేశారు.

నన్ను తికమక పెట్టిన తీర్పు మాత్రం మరొక వ్యాజ్యంలోనిది. ఢిల్లీలో జనావాసాల నడుమనున్న శ్రీరామ్ ఎరువుల కర్మాగారాన్ని అక్కడినుండి తరలించాలని మెహతా వేసిన అర్జీ విచారణలో ఉండగానే, 1985 డిసెంబరు 4న ఆ కర్మాగారం నుండి ఓలియం వాయువు వెలువడింది. దానివల్ల తీస్ హజారీ కోర్టులో పనిచేసే న్యాయవాది ఒకరు మరణించారని వార్త వచ్చింది. భోపాల్ ఘోరం జరిగి అప్పటికి ఏడాది మాత్రమే.

అంతవరకు న్యాయస్థానాలకు ఆధారం 1868 నాటి ఇంగ్లండు తీర్పు. ఒక మిల్లు యజమాని కట్టించిన జలాశయం నుండి నీరు పొరుగువాని గనిలోకి చొరబడిన తగాదా అది. ప్రమాదకరమైన వస్తువును తన స్థలంలో నిలవ ఉంచినవాడు, అది బయటపడి నష్టం కలిగిస్తే, అజాగ్రత్త లేకపోయినా బాధ్యుడే అన్నది ఆ సూత్రం. ఇదే కఠిన బాధ్యత. కాని దీనికి మినహాయింపులు ఉన్నాయి: దైవఘటన అనవచ్చు, పరాయివాడి చేష్ట అనవచ్చు, నష్టపోయినవాడే ఒప్పుకున్నాడని అనవచ్చు. సమర్థుడైన వకీలుకు ఈ కిటికీలలో ఏదో ఒకటి చాలు.

1986 డిసెంబరు 20న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి అధ్యక్షతన గల అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ కిటికీలన్నిటినీ మూసివేసింది. ప్రమాదకరమైన పరిశ్రమను లాభం కోసం నడిపేవారు, అందువల్ల జరిగిన కీడుకు ఏ మినహాయింపూ లేకుండా బాధ్యులు. పరిశ్రమ ఎంత పెద్దదైతే పరిహారమూ అంత పెద్దదిగా ఉండాలి. ఇదే సంపూర్ణ బాధ్యత.

అయితే మాట గెలిచినంత మాత్రాన మనిషికి పరిహారం చేతికందలేదు. బాధితుల దావాలను తగిన న్యాయస్థానాలలో వేయించవలసిందిగా న్యాయ సహాయ సంస్థను ఆదేశించి, సుప్రీంకోర్టు అంతటితో ఆగింది. ఇక భోపాల్ వ్యాజ్యం 1989లో 47 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. ఈ సూత్రానికి అక్కడ పరీక్ష జరగనే లేదు.

కనుకనే ఈ వృత్తిలో తీర్పు వచ్చిన రోజు చివరి రోజు కాదు. 1985లో మెహతా గంగానది కోసం అర్జీ వేసినప్పుడు, ఏటి ఒడ్డున నివసించని వ్యక్తికి ఏమి హక్కు అన్న ప్రశ్న ఉండనే ఉంది. ఆ నీటిని వాడుకొనే ప్రజల ప్రాణరక్షణలో ఆయనకు ఆసక్తి ఉన్నదని, అది చాలునని 1988లో కోర్టు తేల్చింది. అంతకు ముందే, 1987 సెప్టెంబరులో, కాన్పూరు తోళ్ల పరిశ్రమలకు ఒక గట్టి మాట చెప్పింది: కనీస వేతనం ఇవ్వలేని పరిశ్రమకు ఎలా మనుగడ లేదో, మురుగును శుద్ధి చేసుకోలేని పరిశ్రమకూ అలాగే లేదు. తాజ్‌మహల్ తీర్పునకు పన్నెండేళ్లు పట్టింది. 1996 డిసెంబరు 30న, 292 పరిశ్రమలు బొగ్గు మాని సహజవాయువుకు మారాలనీ, లేదా ఆ ప్రాంతం విడిచిపోవాలనీ ఆదేశం వెలువడింది. పొగ ఆగితే పొయ్యి ఆరిపోయే కుటుంబాలు కూడా ఉంటాయి కదా! ఆ పనివారి హక్కులను సైతం కోర్టు తీర్పులో చేర్చవలసి వచ్చింది. పర్యావరణ న్యాయవాది ఈ రెండో పక్షాన్ని మరచిపోతే, గెలిచిన వ్యాజ్యమే అన్యాయం కాగలదు.

మాట బరువుకు మన దగ్గరే మరొక నిదర్శనం ఉంది. నాటి విశాఖపట్నం జిల్లా బొర్రా ప్రాంతపు కొండల్లో గిరిజనేతరులకు ప్రభుత్వం గనుల లీజులు ఇవ్వగా, ‘సమత’ అనే సంస్థ కోర్టుకెక్కింది. మనం 1/70 చట్టమని పిలుచుకొనే నిబంధన ప్రకారం, షెడ్యూల్డు ప్రాంతంలో ఏ ‘వ్యక్తి’ అయినా గిరిజనేతరునికి భూమి బదలాయించరాదు. ప్రభుత్వం ‘వ్యక్తి’ అవుతుందా? అవుతుందని 1997లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. ఆ కొండల భవితవ్యం వ్యాకరణంలో ఏకవచనమైన ఒక నామవాచకం మీద ఆధారపడి ఉన్నదన్నమాట.

ఇక నా పొరపాటు సంగతికి వస్తాను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. 12 మంది ప్రాణాలు కోల్పోయారు. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయవలసిందిగా కంపెనీని ఆదేశించింది. అయితే ఆ ఉత్తర్వులో వాడిన మాట ‘కఠిన బాధ్యత’. 1986 నుండి మన దేశంలో ఉన్నది సంపూర్ణ బాధ్యత కదా అని న్యాయశాస్త్రం తెలిసినవారు వెంటనే ఎత్తిచూపారు. జూన్ 1 నాటి ఉత్తర్వులో రెండు మాటలూ చోటు చేసుకున్నాయి.

ఆ వార్త చదివిన రోజున నేను పాత కాగితాలు వెదికి, ఎర్ర సిరా గీత ఉన్న పుటను బయటికి తీశాను. నా వంటివాడు మాట తప్పు వేస్తే ఒక పుట చెడుతుంది, మళ్లీ వ్రాసుకోవచ్చును. అదే తప్పు ఉత్తర్వులో మిగిలిపోతే, వెంకటాపురంలో తెల్లవారేసరికి బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట ఎవరో ఒకరు నిలబడి, అది దైవఘటన అని వాదించడానికి తోవ దొరుకుతుంది.