బియ్యం బస్తా మీరే జరపగలరా?

"పొద్దున్నే అయిదింటికి లేస్తే రాత్రి పదకొండుదాకా ఇంటి చాకిరీయే సరిపోతోంది, మళ్ళీ వ్యాయామం కూడానా తల్లీ?" అని మీలో చాలామంది ఈపాటికే మూతి విరిచి ఉంటారు. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. ఇల్లు ఊడ్చి, తుడిచి, బట్టలు ఆరేసి, పిల్లల్ని స్కూలుకి తరిమి, పెద్దవాళ్ళకి టిఫినూ మందులూ అందించేసరికి నడుం విరిగినంత పనవుతుంది. కానీ ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. కొట్టు కుర్రాడు గుమ్మంలో దింపి వెళ్ళిన 26 కిలోల బియ్యం బస్తాను మీ అంతట మీరు వంటింట్లోకి చేర్చగలరా? లేక "ఆయన వచ్చాక చూద్దాంలే" అని అక్కడే వదిలేస్తారా? పోనీ, నేలమీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవగలరా?

అలసట వేరు, బలం వేరు. ఇంటిపని మనల్ని అలసిపోయేలా చేస్తుంది గానీ, ఒక హద్దు దాటాక బలాన్ని పెంచదు. చీపురు బరువు పదేళ్ళ కిందట ఎంతో ఇవాళా అంతే కదా! కండ అనేది మహా పిసినారి. అడిగినదానికంటే చిటికెడు కూడా ఎక్కువ ఇవ్వదు. అలవాటైన బరువుకంటే కాస్త ఎక్కువ మోయిస్తేనే అది పెరుగుతుంది. ఏమీ అడక్కపోతే ముప్ఫై దాటినప్పట్నించీ చడీచప్పుడూ లేకుండా కరిగిపోతూ ఉంటుంది. మన అమ్మమ్మలు చేదతో నీళ్ళు తోడారు, బిందెలు చంకనెత్తారు, తిరగలి తిప్పారు. ఆ రోజుల్ని పొగడటానికి ఇది రాయడం లేదు లెండి. మిక్సీ, గ్రైండరు, ఇంట్లో కుళాయి వచ్చి మన ప్రాణాలు నిలబెట్టాయి. ఎవరేమన్నా వాటిని వదిలేది లేదు. అయితే ఆ బరువులు పోయినచోట మనం ఇంకేదీ పెట్టుకోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మన తెలుగువాళ్ళకి ఇది మరీ ముఖ్యం. ఎందుకో చెప్తాను. నెలసరి ఆగిపోయాక మొదటి అయిదారేళ్ళలో ఎముకలు త్వరత్వరగా గుల్లబారతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతం దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ఎక్కువ. చాలామందికి నలభై నిండకుండానే ఆ ఆపరేషన్ అయిపోతోంది. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, యాభైలో రావలసిన ఎముకల బాధ ముప్ఫైలలోనే గుమ్మం ఎక్కుతుంది. బరువు ఎత్తినప్పుడు కండ ఎముకను గట్టిగా పట్టి లాగుతుంది. ఆ లాగుడే ఎముకకు "నువ్వు గట్టిగా ఉండాలమ్మా" అని చెప్పే కబురు. కాల్షియం బిళ్ళలు మింగి ఊరుకుంటే ఆ కబురు అందదు.

మా అమ్మ 68వ ఏట బాత్‌రూములో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది, ఎముకా అతుక్కుంది. కానీ కమోడ్ మీంచి లేవడానికి తొడల్లో సత్తువ లేక ఏడాదిపాటు ఒకళ్ళు పక్కన నిలబడాల్సి వచ్చింది. ఆ ఒకళ్ళు నేనే. అప్పుడు నాకు నలభై మూడు, మా చిన్నాడు మూడో తరగతి. నేను బరువులు ఎత్తడం మొదలుపెట్టింది ఆ ఏడాదే. ఒళ్ళు తగ్గడానికి కాదు, నాజూగ్గా కనిపించడానికి అంతకన్నా కాదు. రేపు మా పిల్లలు నన్ను లేవనెత్తే పని పడకూడదని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో నడకలాంటి వాటితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండలకి పని చెప్పే వ్యాయామం చెయ్యాలని ఉంది. నడక సంగతి అందరం విన్నాం. రెండో సంగతి మాత్రం ఎందుకో మన చెవిదాకా రాలేదు.

సరే, సామాను మాటకొద్దాం. జిమ్ముకి కట్టే డబ్బు మిగుల్చుకోండి. లీటరు నీళ్ళ సీసా అంటే ఒక కిలో, రెండు లీటర్లదైతే రెండు కిలోలు, తూచే పనే లేదు. అదే సీసాలో పొడి ఇసుక నింపితే బరువు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. అన్నిటికంటే మంచి సాధనం పిల్లల పాత స్కూలు సంచి. జిప్పు పాడవకుండా ఉంటే చాలు. మొదట రెండు పుస్తకాలు వెయ్యండి, వారం పోయాక ఉప్పు ప్యాకెట్లు, ఆ తర్వాత అయిదు కిలోల గోధుమపిండి ప్యాకెట్టు. ఒక్క సంచితోనే రెండు కిలోల నుంచి పది కిలోలదాకా ఎక్కవచ్చు. ఇక చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి, ఖాళీ గోడ ఒకటి. అంతే. గ్యాస్ సిలిండర్ జోలికి మాత్రం పోకండి. నిండు సిలిండర్ ముప్ఫై కిలోల దాకా ఉంటుంది, పట్టుకోవడానికీ వీలుగా ఉండదు.

మొదలు కుర్చీతోనే. కుర్చీని గోడకి ఆనించండి, వెనక్కి జారకుండా. అంచుకి వచ్చి కూర్చుని, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, చేతులు గుండెలమీద కట్టుకుని లేవండి. మళ్ళీ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ మెల్లగా కూర్చోండి. దభీమని కూలబడకూడదు. బలమంతా ఆ మెల్లగా దిగడంలోనే ఉంది. మోకాళ్ళు లోపలికి ముడుచుకోకుండా కాలివేళ్ళ వైపే చూడాలి. ఎనిమిది సార్లు చేసి నిమిషమో రెండు నిమిషాలో ఆగితే ఒక విడత అయినట్టు. అలాంటివి రెండు చాలు. ఎనిమిదీ రాకపోతే కుర్చీమీద దిండు వేసుకుని ఎత్తు పెంచండి, సిగ్గేం లేదు. పన్నెండు సార్లు హాయిగా వచ్చేస్తున్నాయనుకోండి, అప్పుడు స్కూలు సంచిని పసిబిడ్డలా గుండెలకి హత్తుకుని చెయ్యండి. తర్వాత కుర్చీ బదులు చిన్న స్టూలు. చివరికి ఏదీ లేకుండా గుంజిళ్ళే! చిన్నప్పుడు మాస్టారు తీయించినవే, కాకపోతే ఇప్పుడు చెవులు పట్టుకోనక్కర్లేదు.

రెండోది వంగి ఎత్తడం. దీన్ని నిదానంగా నేర్చుకోవాలి. మన నడుంనొప్పుల్లో చాలా భాగం ఇక్కడే పుడుతుంది. రెండు చేతుల్లోనూ గిన్నెలు ఉన్నప్పుడు వెనకున్న ఫ్రిజ్ తలుపు ఎలా మూస్తారు? మోకాళ్ళు కొంచెం సడలించి, పిరుదుల్ని వెనక్కి నెడతారు కదా! సరిగ్గా అదే కదలిక. వీపు బల్లలా తిన్నగా ఉండాలి, మడత తుంటి దగ్గర పడాలి గాని నడుం దగ్గర కాదు. మొదటి వారం ఉత్త చేతులతో గోడకి జానెడు దూరంలో నిలబడి, పిరుదులు వెనక గోడకి తగిలేలా వంగి లేవండి. అది ఒంటబట్టాక సంచి పట్టుకోండి. బరువు కాళ్ళని రాసుకుంటూ పైకి రావాలి, దూరంగా చాచి ఎత్తితే నడుం పట్టేస్తుంది. బియ్యం బస్తా మాట మొదట్లో అడిగాను చూశారూ, దాని దగ్గరికి దారి ఇదే. తొందరేం లేదు, నాకు ఏడు నెలలు పట్టింది.

మిగతావి తేలిక. గోడకి రెండు చేతులూ ఆనించి ముందుకి వంగి, గోడను తోసి వెనక్కి రావడం ఒకటి. అది అలవాటయ్యాక వంటగట్టు, ఆ తర్వాత మంచం పట్టె, ఇలా చేతులు పెట్టే ఎత్తు తగ్గేకొద్దీ కష్టం పెరుగుతుంది. ఒక చెయ్యి కుర్చీమీద ఆన్చి, రెండో చేత్తో సంచిని చంకదాకా లాగడం ఒకటి. వీపుకి, భుజాలకి ఇది మంచిది. చివరగా రెండు చేతుల్లో సమానమైన బరువులు పట్టుకుని హాల్లో ఆ చివరనుంచి ఈ చివరకి నిటారుగా నడవడం. రైతుబజారు నుంచి కూరగాయల సంచులు మోసుకొచ్చే నడకే అది. నీళ్ళ బకెట్లతో మాత్రం వద్దు, చుక్క ఒలికితే జారతాం.

బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి. పైకి లెక్కపెట్టండి, ఊపిరి దానంతటదే వదులుతుంది. బీపీ ఉన్నవాళ్ళు ఇది మరీ గుర్తుంచుకోవాలి. ఎన్ని చేయాలంటారా? ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య, చివరి రెండూ మూలుగుతూ చెయ్యాలి. మూలుగు రాలేదంటే బరువు చాలడం లేదన్నమాట. వారానికి రెండు రోజులు, వీలైతే మూడు, మధ్యలో రోజు ఖాళీ తప్పనిసరి. పాల లెక్క రాసుకునే క్యాలెండర్‌లోనే ఆ తేదీ గడిలో "సంచి 4 కిలోలు, 10" అని రాసుకోండి. నెల తిరిగాక చూసుకుంటే భలే సంతోషంగా ఉంటుంది, పైగా ఎప్పుడు పెంచాలో కూడా ఆ గడే చెప్తుంది.

"అంతా బాగానే ఉంది గానీ, పిల్లలు చెయ్యనిస్తారా?" అంటారేమో. చెయ్యనివ్వరు. ప్రశాంతంగా అరగంట దొరికాక మొదలెడదామనుకుంటే పిల్లల పెళ్ళిళ్ళు అయ్యేదాకా ఆగాలి. అందుకని అరగంట కోసం చూడొద్దు. పప్పు కుక్కర్ పెట్టాక మూడు కూతలు వచ్చేలోగా కుర్చీ విడతలు రెండూ అయిపోతాయి. స్కూలు బస్సు వెళ్ళాక అయిదు నిమిషాలు గోడ పని. సాయంత్రం వాళ్ళు హోంవర్క్ చేస్తుంటే అక్కడే నిలబడి సంచి లాగడం. ముక్కలుగా చేసినా కండకి తెలియదు, మొత్తం లెక్క కుదిరితే చాలు. మా చిన్నాడికి లెక్కపెట్టే ఉద్యోగం ఇచ్చాను. ఏడు తర్వాత కావాలని మళ్ళీ ఆరు అంటాడు వెధవ! పాకే పిల్లలు, తప్పటడుగుల పిల్లలు ఉన్నవాళ్ళు మాత్రం బరువు చేతిలోకి తీసుకునే ముందు బిడ్డ ఎక్కడుందో చూసుకోండి. సీసాలు గట్టు అంచున వదలకండి. ఇంకోమాట, నైటీతో చెయ్యకండి, మోకాళ్ళకి తట్టుకుంటుంది. పాత చుడీదార్ హాయి.

మగవాళ్ళలా కండలు వచ్చేస్తాయేమోనని ఓ భయం ఉంటుంది కొందరికి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి గుర్తున్నారా? 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు పద్ధతుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చారు. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆవిడే. అంత బరువు ఎత్తడానికి ఆవిడ ఏళ్ళ తరబడి అదే పనిగా సాధన చేశారు. నాలుగు కిలోల స్కూలు సంచికి మనకేమీ కాదు. ఆడవాళ్ళ ఒంట్లో కండలు ఉబ్బించే హార్మోను తక్కువ, బలం వస్తుంది గాని ఆకారం మారిపోదు.

తిండి విషయం ఒకటుంది. అందరికీ వడ్డించి, ఆఖర్న అడుగున మిగిలిన చారూ మజ్జిగా పోసుకుని లేచిపోయే మనిషికి కండ ఎక్కడినుంచి వస్తుందండీ? మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం కిలో ఒంటి బరువుకి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు, గుప్పెడు వేరుశనగల్లో ఏడు, గ్లాసు పాలలోనూ అంతే. కాబట్టి పప్పు గిన్నె బల్లమీదకి వెళ్ళేముందే మీ వాటా గరిటెడు పక్కన తీసి పెట్టుకోండి. అత్తగారు ఏమైనా అంటే నా పేరు చెప్పండి.

గర్భిణులు, సిజేరియన్ అయినవాళ్ళు, గర్భసంచి జారిందని డాక్టరు చెప్పినవాళ్ళు, ఇటీవల ఏదైనా పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ఎముకలు ఇప్పటికే గుల్లబారాయని తేలినవాళ్ళు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవడం మంచిది. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, కీలులో కలుక్కుమని పొడిచినట్టు ఉండటం, వీటిలో ఏది వచ్చినా ఆ పూటకి ఆపెయ్యండి. నొప్పి తగ్గకపోతే చూపించుకోండి. మొదటివారం తొడలు పట్టేసి బరువెక్కినట్టు ఉంటే మటుకు కంగారు పడకండి. అది రెండో రోజు ఎక్కువై, నాలుగో రోజుకి పోతుంది. ఆ రెండ్రోజులూ డాబా మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోండి, ఆరేసిన బట్టలు పిల్లల్ని తెమ్మనండి.